రాళ్ళనాలుక మీది హద్దు

కున్‌జెస్ ఆ మనిషిని మొదటిసారి చూసింది వెన్న దాచడానికి వెళ్ళినప్పుడు.

రాళ్ళనాలుక అంచున, బండల సందుల్లో బొరియలుంటాయి. నడివేసవిలో కూడా వాటిలోంచి మంచుగాలి కొడుతుంది. పశువులతో మేతకు పైకి వచ్చిన ఆడవాళ్ళు చిలికిన వెన్నను తోలులో చుట్టి ఆ బొరియల్లోనే పెట్టుకుంటారు. కున్‌జెస్ తన బొరియ మీది పలకరాయి తీసి, చెయ్యి లోపలికి పెట్టి, అలాగే ఆగిపోయింది. నాలుక నడిమధ్య, ఎర్రకోటు తొడుక్కున్న ఆడమనిషి ఒకతె వంగి రాళ్ళకు రంగు పూస్తోంది. ఒక రాయికి పసుపు చుక్క పెడుతుంది, లేస్తుంది, కొంచెం నడిచి మరో రాయికి పెడుతుంది. ఆ నడక తిన్నగా హద్దుకుప్ప వైపే సాగుతోంది.

కున్‌జెస్ చెయ్యి బయటికి తీసేసుకుంది. హద్దుకుప్ప దగ్గరికి మనిషన్నవాడు పోయి ఇరవై ఏళ్ళయింది.

లోయ తల దగ్గర, రెండు కొండల నడుమ నుంచి కిందికి చాచినట్టుండే బ్రహ్మాండమైన రాళ్ళరాశిని ఆ చుట్టుపక్కల అందరూ రాళ్ళనాలుక అంటారు. దాని వీపు మీద నడుమెత్తున పేర్చిన రాళ్ళకుప్ప, కుప్ప నెత్తిన కొండమేక కొమ్ములు. అదే హద్దు. కుప్పకు ఎగువనున్న మేత గొంగ్మాది, అంటే పై ఊరిది. దిగువది యొక్మాది, కింది ఊరిది. తగువంతా నాలుకను ఆనుకుని ఉన్న ఊటపచ్చిక గురించి. వేసవి చివర కొండంతా ఎండి గోధుమరంగుకు తిరిగినా అక్కడ మాత్రం జడలబర్రె సంకరపు ఆవులు, జోమోలు, కడుపునిండా మేసి పాలు ఇస్తాయి.

కింది ఊరివాళ్ళు చెప్పేది ఇది. తాతలనాడు హద్దుకుప్ప నల్లగోడకు సూటిగా ఉండేది. నల్లగోడ నాలుక పక్కన నిలువునా లేచిన కొండచరియ. ఇప్పుడు కుప్ప దానికి ఎంతో దిగువన ఉంది. కాబట్టి పై ఊరివాళ్ళు కుప్పను కిందికి జరిపి ఊటను మింగారు.

పై ఊరివాళ్ళు చెప్పేది ఇంకొకటి. తాతలనాడు హద్దుకుప్ప చీలికబండ ఒడిలో ఉండేది. చీలికబండ నాలుక వీపు మీదే ఉన్న ఇల్లంత బండ, నడిమికి చీలి ఉంటుంది. ఇప్పుడు కుప్ప ఆ బండకు ఎంతో ఎగువన ఉంది. కాబట్టి కింది ఊరివాళ్ళే కుప్పను పైకి జరిపారు.

ఇద్దరూ చూపించేది కళ్ళకు కనిపిస్తూనే ఉంది. కనిపిస్తోంది కాబట్టే ఎవరూ తగ్గేవారు కాదు. పెళ్ళిలో రెండు గిన్నెల బార్లీకల్లు ఛాంగ్ కడుపులో పడగానే ముసలివాళ్ళు ఇదే ఎత్తుకునేవారు.

అది మాటల తగువుగానే ఉండిపోవలసింది. తుందుప్ ఒక రోజు పరుగెత్తుకొచ్చి ఆ మాట చెప్పకపోతే ఉండిపోయేదే. తుందుప్ కింది ఊరివాడు, కున్‌జెస్ అక్క చొరోల్ మొగుడు. మంచు విడిచిన కొత్తలో తప్పిపోయిన గుర్రాన్ని వెతుక్కుంటూ పైకి పోయి, తన మామ స్తోబ్దన్ హద్దుకుప్ప పక్కన రాయి ఎత్తుకుని నిలబడి ఉండగా కళ్ళారా చూశానన్నాడు. స్తోబ్దన్ అప్పట్లో పై ఊరి మేతకాపు.

రెండు ఊళ్ళూ భగ్గుమన్నాయి. స్తోబ్దన్ చేత గొంపా మఠంలో కాపుదేవత ముందు ప్రమాణం చేయించారు. కున్‌జెస్ అప్పటికి పెళ్ళీడు పిల్ల. గుమ్మం దగ్గర నిలబడి వింది. "మూడు రత్నాల సాక్షిగా, ఆ కుప్పను నేను బెత్తెడు కూడా కిందికి జరపలేదు" అన్నాడు తండ్రి. పై ఊరు ఊపిరి పీల్చుకుంది. కింది ఊరు నమ్మలేదు. చొరోల్ మొగుడి పక్కన నిలబడింది. ఆనాటి నుంచి పుట్టింటి గడప తొక్కలేదు. ఇకమీదట కుప్ప దగ్గరికి ఏ ఊరివాడూ పోకూడదని పెద్దలు కట్టడి చేశారు.

కున్‌జెస్ ఎవరితోనూ అనని మాట ఒకటుంది. తండ్రి కిందికి జరపలేదన్నాడు గానీ, ముట్టుకోలేదనలేదు. ఆ తేడా ఆమె చెవిన ఆ రోజే పడింది. పడ్డది మళ్ళీ బయటికి పోలేదు. తండ్రికి అన్నం పెట్టింది, జబ్బు చేస్తే మోసుకెళ్ళింది, ఆయన కోసమే తనకు వచ్చిన సంబంధాలు కాదనుకుంది. కానీ కుప్ప మాట ఎత్తిన ప్రతిసారీ ఆయన ముఖంలోకి చూడకుండా పక్కకు చూసేది.

అందుకే ఎర్రకోటు మనిషి కుప్పను చేరేలోపు కున్‌జెస్ రాళ్ళ మీద గెంతుకుంటూ వెళ్ళి ఎదురుగా నిలబడింది.

"ఎవరమ్మా నువ్వు? పెళ్ళికూతురికి పూసినట్టు పూస్తున్నావే రంగు!"

ఆ పిల్ల ఉలిక్కిపడి లేచి, రెండు చేతులూ జోడించింది. "జూలే, ఆచే. నా పేరు యంగ్‌డోల్. జంస్కార్ మాది." అక్కా అంటూ పిలిచిన ఆ 'ఆచే'లోనే ఆ యాస ఉంది. "యూనివర్సిటీ నుంచి వచ్చా. రాళ్ళ కింద మంచు ఉన్న చోట్లన్నిటికీ పటం గీస్తున్నాం. ఏ లోయలో ఇలాంటి నాలుకలు ఎన్నున్నాయి, కింద నేల ఎంత మేర గడ్డకట్టి ఉంది, అదీ పని."

"కింద మంచుందని తెలుసుకోడానికి ఇంత దూరం రావాలా మేడం? మా వెన్ననడిగితే చెప్పేది కదా."

యంగ్‌డోల్ నవ్వింది. "ఉందని తెలుసు ఆచే. అది పడుకుని ఉందా, కదులుతోందా అని చూడాలి. మంచు కదిలితే పైన రాళ్ళూ కదుల్తాయి. అందుకే ఈ చుక్కలు. మళ్ళీ ఏడు వచ్చి కొలుస్తా."

"రాళ్ళు కదుల్తాయా! కదిలి ఊరుకుంటాయో, ఆడి పాడతాయో కూడా చూసి చెప్పు. మాకూ కాలక్షేపం." కున్‌జెస్ గొంతు మార్చింది. "ఎక్కడ దిగావు?"

"కింది ఊళ్ళో. బస్సు అక్కడిదాకానే కదా. ఊరిపెద్ద తుందుప్ గారింట్లో ఉంటున్నా. ఆయన భార్య అచ్చం మీలాగే ఉంటుంది ఆచే. మీకేమన్నా అవుతుందా?"

"ఏమీ కాదు" అంది కున్‌జెస్.

మేతగుడిసె ముందు స్తోబ్దన్ ఎండలో కూర్చుని తకిలి మీద జడలబర్రె వెంట్రుకలు వడుకుతున్నాడు. ఎనభై దగ్గరపడ్డ మనిషి. కాళ్ళు వంగిపోయినా వేసవి వస్తే కూతురితోపాటు పైకి రావలసిందే. కున్‌జెస్ విషయం చెప్పగానే తకిలి ఆగింది.

"కుప్ప దగ్గరికి పోయిందా?"

"పోయింది."

"ముట్టుకుందా?"

"దాని అడుగురాయికి కూడా చుక్క పెట్టింది."

ముసలాయన మళ్ళీ తకిలి తిప్పాడు. దారం తెగింది. "తుందుప్ పంపుంటాడు" అన్నాడు, తెగిన కొసలు వెతుక్కుంటూ.

ఆ మాటే పై ఊరంతా పాకింది. యంత్రాలతో కొలిపించి, కాగితాలు పుట్టించి, తుందుప్ కోర్టుకెక్కబోతున్నాడన్నారు. "మన నోటి మాట చెల్లదు, మిషన్ మాట చెల్లుతుంది. ఆ కుట్రే ఇది" అన్నాడు పక్క గుడిసెలో ఉండే నవాంగ్. పై ఊళ్ళో దేనికైనా అందరికంటే ముందు గొంతెత్తేది అతనే. అటు కింది ఊళ్ళో ఏమనుకుంటున్నారో మందలు కలిసినప్పుడు తెలిసింది. ఆ పిల్ల రోజూ కున్‌జెస్ గుడిసె దగ్గర టీ తాగుతోంది, పై ఊరివాళ్ళు దాన్ని బుట్టలో వేసుకున్నారు అని వాళ్ళ గోల. నిజానికి అప్పటిదాకా కున్‌జెస్ ఆ పిల్లకు టీ కాదు, మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు.

ఇవ్వకపోయినా కళ్ళు మాత్రం ఆమె మీదే పెట్టింది. జోమోలను తోలుకుని రోజూ నాలుక పక్కనే మేపేది. యంగ్‌డోల్ ముక్కాలి పీట మీద గుండ్రటి యంత్రం నిలబెట్టి చుక్కచుక్క దగ్గరా ఆగుతుంది. రాళ్ళ సందులో వేలెడంత డబ్బీలు పెట్టి, అవి నేల లోపలి చలిని కొలుస్తాయంటుంది. ఒక రోజు డ్రోన్ ఎగరేసింది. జోమోలు బెదిరి చెల్లాచెదురయ్యాయి. ఆ సాయంత్రం ఒక్కటీ పాలు చేపలేదు. "ఆకాశం నుంచి కూడా చూడాలా మా గుడిసెలు?" అని కున్‌జెస్ గట్టిగానే అంది. యంగ్‌డోల్ తప్పైందని చెంపలు వేసుకుంది. అంత తేలిగ్గా తప్పు ఒప్పుకునేవాళ్ళంటే కున్‌జెస్‌కు ఇంకా అనుమానం.

యంగ్‌డోల్ సామాను సర్దుకుని దిగిపోయిన నాడు కున్‌జెస్ ఒక పని చేసింది. నాలుక మీదికి పోయి, పసుపు చుక్క ఉన్న రాయి ఒకటి, తలకాయంతది, చంకనెత్తుకుని ఎగువకు మోసుకెళ్ళి పెట్టింది. చుక్క పైకి కనిపించేట్టే పెట్టింది. నిజంగా కొలిచేదైతే పట్టుకుని నన్ను అడుగుతుంది, తుందుప్ మనిషైతే ముందు వాడికి చెప్పి ఊరూరా టముకు వేస్తుంది, చూద్దాం, అనుకుంది.

చలికాలం వచ్చింది, దారులు మూసుకుపోయాయి. ఊళ్ళు రెండూ మంచు కింద ముడుచుకుని ఒకరినొకరు తిట్టుకుంటూ పొద్దు గడిపాయి. మళ్ళీ గడ్డి మొలిచి మందలు పైకెక్కిన కొన్నాళ్ళకు యంగ్‌డోల్ వచ్చింది. ఈసారి తుందుప్ ఇంట్లో దిగకుండా నాలుక దగ్గరే గుడారం వేసుకుంది. ముక్కాలి పీట పట్టుకుని చుక్కలన్నీ తిరిగింది. పని ముగించి, ఎండు ఆప్రికాట్ల సంచితో కున్‌జెస్ గుడిసెకు వచ్చింది. స్తోబ్దన్ మందను చూడటానికి ఊట వైపు వెళ్ళి ఉన్నాడు. వచ్చిన మనిషిని బయట నిలబెట్టడం మర్యాద కాదు కనుక కున్‌జెస్ ఉప్పుటీ పోసింది, పేలపిండి ముందు పెట్టింది.

"చుక్కలన్నీ కిందికి దిగాయి ఆచే. నడుమనున్నవి బారెడు, అంచుల్లోవి జానెడు" అంది యంగ్‌డోల్, పేలపిండి టీలో కలుపుకుంటూ. "ఒక్కటి మాత్రం పైకెక్కింది."

కున్‌జెస్ పొయ్యిలోకి పిడక తోసింది.

"మంచు కిందికే పాకుతుంది. రాళ్ళు ఎత్తుకు ఎక్కవు కదా. కాళ్ళున్నది ఏదో మోసుండాలి. మేకంటారా?"

"మేకే అయ్యుంటుంది."

"రెండు కాళ్ళ మేకా ఆచే?"

కున్‌జెస్ తలెత్తి సూటిగా చూసింది. "తుందుప్‌కి చెప్పావా?"

"ఆయనకెందుకు? ఆ చుక్క గీకేశా. నా పటానికి పనికిరాదు, అంతే."

కున్‌జెస్ ఆ పిల్ల ముఖంలో వంకర కోసం వెతికింది. ఎండకు పొట్టు లేచిన ముక్కు, మూతికి అంటుకున్న పిండి తప్ప ఏమీ దొరకలేదు. దొరకకపోవడం కూడా ఒక తెలివేనేమో అనుకుంది.

యంగ్‌డోల్ సంచిలోంచి పలకలాంటి ఫోను తీసి రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టింది. "ఇది చాలా పాత ఫొటో, ఉపగ్రహం తీసింది. మీరూ నేనూ పుట్టకముందుది. ఇది నల్లగోడ. ఇదిగో, దీనికి సూటిగా ఉన్నది మీ చీలికబండ. ఇప్పుడు ఈ రెండోది చూడండి. ఇది నిరుడు డ్రోన్ తీసింది."

కున్‌జెస్ వంగి చూసింది. రెండో బొమ్మలో చీలికబండ నల్లగోడను దాటి ఎంతో కిందికి వచ్చేసి ఉంది.

"ఏం మాయ చేశావు? ఇల్లంత బండ అది! నూరుమంది తోసినా కదలదు."

"ఎవరూ తొయ్యలేదు ఆచే. కింద మంచు పాకుతోంది. వీపు మీదున్నదాన్నంతా మోసుకుపోతోంది. ఒకప్పుడు నెమ్మదిగా పోయేది. ఈమధ్య నేల వెచ్చబడి జోరు పెరిగింది. నల్లగోడ కొండ ఎముక, అది కదలదు. బండ నాలుక మీదిది, అది ఆగదు."

యంగ్‌డోల్ టీ తాగి, జూలే చెప్పి వెళ్ళిపోయింది. కున్‌జెస్ గిన్నె కడగడం మరిచి కూర్చుండిపోయింది. కుప్ప నల్లగోడకు సూటిగా ఉండేదన్న కింది ఊరి తాతలు అబద్ధమాడలేదు. కుప్ప బండ ఒడిలో ఉండేదన్న పై ఊరి తాతలూ అబద్ధమాడలేదు. ఆ రోజుల్లో బండే నల్లగోడ దగ్గరుంది. అక్కడి దాకా తేటగానే ఉంది. కానీ బండతోపాటు కుప్ప కూడా పాకాలి కదా, ఇప్పటికీ దాని ఒడిలోనే ఉండాలి కదా? బండ కింద, కుప్ప పైన. రాళ్ళు ఎత్తుకు ఎక్కవు.

తుందుప్ చూశానన్నది ఆమె కళ్ళ ముందు నిలిచింది. కుప్ప పక్కన, చేతుల్లో రాయితో, తండ్రి.

స్తోబ్దన్ తిరిగి వచ్చి గోడకు చేరగిలబడ్డాడు. కున్‌జెస్ ఎదురుగా కూర్చుంది. ఈసారి పక్కకు చూడలేదు.

"అబా, కుప్పను మోశావు కదూ? పైకి."

"ఎవరు చెప్పారు?" అన్నాడు ముసలాయన.

"చీలికబండ చెప్పింది. అది నడుస్తోందట. నాలుకంతా నడుస్తోందట."

"నడుస్తోందా?" ఆయన ముందుకు వంగాడు. "నడుస్తోందని ఎవరన్నారు? కొలిచారా? మళ్ళీ చెప్పు."

ఆమె చెప్పింది. ఆయన రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, చెవి ఆమె నోటి దగ్గరికి తెచ్చి విన్నాడు.

"మేతకాపు నాకు ఇచ్చిన ఏటి నుంచీ జరిగింది చెప్తా విను. మంచు విడవగానే అందరికంటే ముందు నేనే వచ్చేవాణ్ణి. నల్లగోడలో తెల్లచార ఒకటుంది చూడు, దాన్ని పట్టుకుని కుప్ప ఎక్కడుందో గుర్తు పెట్టుకున్నా. మళ్ళీ ఏడు వచ్చి చూస్తే కిందికి దిగుంది. ఆ పై ఏడూ అంతే. చలికాలంలో ఇక్కడికి ఎవడొస్తాడు? కింది ఊరివాళ్ళే అనుకున్నా. కుప్పను వాళ్ళే దింపి, దొంగతనం మన మీద కడదామని చూస్తున్నారనుకున్నా. వాళ్ళు అరిచేలోపు విప్పి మళ్ళీ గుర్తున్న చోట పేర్చేవాణ్ణి. పెద్దల కట్టడి పడేదాకా ఏటేటా అదే పని."

"బండ దూరమవుతోందని చూడలేదా?"

"చూశా. చూసి బెదిరిపోయా. నేనే మతి తప్పి కుప్పను ఎక్కువ పైకి మోస్తున్నానేమో అనుకున్నా. ఇల్లంత బండ నడుస్తుందని ఎవడనుకుంటాడు తల్లీ? వాళ్ళనీ అనుమానించా, నన్నూ అనుమానించుకున్నా."

"ప్రమాణం రోజు ఇదే చెప్పొచ్చుగా!"

"ఎవరికి? కింది ఊరికి చెప్తే, హద్దు ముట్టినవాడు ఎటు మోస్తేనేం, దొంగే అంటారు. మన ఊరికి చెప్తే, మన మేతను ఏటేటా వాళ్ళకు మోసిపెట్టావా అని చీల్చేస్తారు. చొరోల్‌ని అక్కడికి ఇచ్చాను కాబట్టి కూతురి కోసం మోశాడంటారు. అనరా?"

అంటారు. కున్‌జెస్‌కు ఆ మాట ఎవరి నోటి నుంచి ముందు వస్తుందో కూడా తెలుసు.

"నేను నిన్ను దొంగవనుకున్నా అబా" అంది. "ఇన్నేళ్ళూ."

"తెలుసు" అన్నాడు స్తోబ్దన్. "గిన్నె నా ముందు పెట్టి చెయ్యి చటుక్కున తీసేసుకునేదానివి."

మర్నాడు కున్‌జెస్ గుడారానికి వెళ్ళి, రెండు ఊళ్ళ ముందు ఆ ఫొటోలు చూపించమని అడిగింది. యంగ్‌డోల్ వెనకాడింది. "నేను హద్దులు గీసేదాన్ని కాదు ఆచే. నా పని నాలుక అంచు గీయడం. రేపు మీ తగువులో నా పేరు ఇరుక్కుంటుంది."

"ఇప్పటికే ఇరుక్కుంది. కింది ఊరివాళ్ళు నిన్ను మా మనిషివంటున్నారు, మావాళ్ళు తుందుప్ మనిషివంటున్నారు. నోరు విప్పితే కనీసం నీ మాటకే తిట్లు తింటావు, నోమో."

చెల్లెలా అన్న ఆ పిలుపుకు యంగ్‌డోల్ కరిగిందో, ఆ లెక్కకు ఒప్పుకుందో గానీ, సరేనంది.

ఊళ్ళు రెండూ నల్లగోడ కింద చేరాయి. పై ఊరివాళ్ళు ఒక పక్క, కింది ఊరివాళ్ళు ఒక పక్క. నడుమ గాడిద తిరిగేంత ఖాళీ. స్తోబ్దన్ రాకూడదని కున్‌జెస్ ఎంత చెప్పినా వినకుండా గుర్రమెక్కి వచ్చి, దిగకుండా వెనక ఆగాడు. చొరోల్ మొగుడి వెనక తలగుడ్డ ముందుకు లాక్కుని నిలబడింది.

యంగ్‌డోల్ ఫొటోలు చూపించి, బండ ఎలా దిగిందో చెప్పింది. అందరూ మెడలు సాచి ఒకసారి ఫోనును, ఒకసారి బండను చూశారు.

"ఈ పిల్లకు పై ఊరు ఏం తినిపించింది?" అన్నాడు తుందుప్.

"మొదట తిన్నది మీ ఇంట్లోనే!" అని అరిచాడు నవాంగ్. "ఆ తిండే పలుకుతోందేమో!"

"నా ఇంట్లో తిన్నదైతే నాకు పనికొచ్చేది చెప్పేది కదా?" తుందుప్ ముందుకొచ్చాడు. జుట్టు నెరిసినా గొంతు నెరవలేదు. "సరే. బండ నడిచిందే అనుకుందాం. మరి కుప్ప నడవలేదేం? బండ అక్కడ, కుప్ప ఇక్కడ. నడుమ ఎవడి చెయ్యుంది? చెప్పమ్మా, నీ ఫోను చెప్తుందా?"

యంగ్‌డోల్ కున్‌జెస్ వైపు చూసింది. కున్‌జెస్ నేల చూసింది. చెప్పకూడదనే ఆమె నిశ్చయించుకుని వచ్చింది. బండ సంగతి తేలితే చాలు, మిగిలింది నాలుక కిందే పడి ఉండనీ అనుకుంది.

వెనక నుంచి గుర్రం గిట్టల చప్పుడైంది. జనం పక్కకు తప్పుకున్నారు. స్తోబ్దన్ ఆ ఖాళీలోకి వచ్చి ఆగాడు.

"నా చెయ్యుంది" అన్నాడు. "నేనే మోశాను. పైకి."

పై ఊరివాళ్ళే ముందు విరుచుకుపడ్డారు. "మన గడ్డి మోసిపెట్టావా?" "కూతురి కోసమే! నేనెప్పుడో అన్నా!" అంటూ నవాంగ్ గుర్రం కళ్ళెం పట్టుకున్నాడు. కున్‌జెస్ వెళ్ళి అతని చెయ్యి విడిపించింది. విడిపించి అక్కడే, గుర్రం మెడ పక్కన నిలబడిపోయింది.

తుందుప్ అరవలేదు. ముఖం ముడుచుకుని ఏదో లెక్క వేస్తున్నవాడిలా ఉన్నాడు. "పైకి మోశావా?" అన్నాడు. "సొంత మేత పోగొట్టుకుంటూ పైకి ఎవడు మోస్తాడు?"

"మీరు కిందికి దింపుతున్నారని నమ్మినవాడు మోస్తాడు" అన్నాడు ముసలాయన. "నువ్వే దింపుతున్నావనుకున్నా తుందుప్. గుర్రాన్ని వెతకడానికి కాదు, కుప్ప జరపడానికి వచ్చావనుకున్నా ఆ రోజు. నిన్ను చూసి నేనూ భయపడ్డా."

తుందుప్ నాలుక వైపు తిరిగాడు. గొంతు తగ్గింది. "నీ చేతుల్లో రాయి చూశాను. అంతే చూశాను. ఎటు తీసుకుపోతున్నావో చూడకుండా ఊళ్ళోకి పరుగెత్తాను" అన్నాడు. ఆపై ముసలాయన వైపు తిరిగి, "అబా" అన్నాడు. ఆ పిలుపు అతని నోట రెండు ఊళ్ళూ ఎన్నాళ్ళగానో వినలేదు.

అంత మాత్రాన అందరూ కౌగలించుకోలేదు. సాయంత్రం దాకా వాదులాట సాగింది. హద్దు గుర్తును కదలని నల్లగోడ మీదే, తెల్లచార దగ్గర చెక్కాలన్నారు. అలా చెక్కితే ఊటపచ్చిక కింది ఊరి పాలవుతుందని పై ఊరు లేచింది. నల్లగోడ మాత్రం కదలదని ఎవరు హామీ అని ఇంకొకడు అడిగాడు. యంగ్‌డోల్ నవ్వు ఆపుకుని, కదలదని మళ్ళీ మళ్ళీ చెప్పింది. చివరికి గుర్తు నల్లగోడ మీద, ఊటపచ్చిక మాత్రం ఏడు విడిచి ఏడు ఒక్కో ఊరికి అని తేల్చి లేచారు. లేచేటప్పుడు కూడా మొదటి ఏడు ఎవరిదని కీచులాడుకున్నారు. చీటీలు వేస్తే కింది ఊరికి వచ్చింది. చీటీలు కలిపిన చెయ్యి ఎవరిదని పై ఊళ్ళో ఇప్పటికీ గొణుగుతూనే ఉన్నారు.

స్తోబ్దన్‌కు ఆ వేసవి తేలిగ్గా గడవలేదు. నవాంగ్ పలకరించడం మానేశాడు. పై ఊరి ఆడవాళ్ళు కున్‌జెస్ వస్తుంటే మాట మార్చేవారు. ఆమె పట్టించుకోలేదు. గిన్నె తండ్రి చేతికే అందించి, ఆయన తాగేదాకా పక్కన కూర్చునేది. ఆయన కుప్పను ఎలా విప్పేవాడో, ఏ రాయి తర్వాత ఏ రాయి పేర్చేవాడో చెప్తుంటే వినేది. ఒకసారి అడిగింది, "బరువనిపించలేదా అబా, ఒక్కడివే?" అని. "రాళ్ళేం బరువు? ఎవరైనా చూస్తారేమోనని వెనక్కి తిరిగి తిరిగి చూడటమే బరువు" అన్నాడు.

గడ్డి ఎండబోయే ముందు, కున్‌జెస్ పాలు పితుకుతుండగా దిగువ నుంచి ఒక మనిషి వస్తూ కనిపించింది. నడకను బట్టే పోల్చుకుంది. చొరోల్. వీపున బుట్ట, ఎత్తెక్కిన రొప్పు. కున్‌జెస్ లేవలేదు. పొదుగు కింద చేతులు ఆడుతూనే ఉన్నాయి, చూపు మాత్రం అక్క మీదే ఉంది. ఎందుకొచ్చింది? ఊట ఎలా ఉందో చూసి రమ్మన్నారా? ముసలాయన చేత ఇంకేమైనా ఒప్పించి రమ్మన్నారా?

గుమ్మంలో కూర్చున్న స్తోబ్దన్ కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. "నువ్వే వచ్చావా, వాడు పంపాడా?"

"ఆయన పంపాడు" అంది చొరోల్. బుట్ట దించి తండ్రి ముందు నేల మీద కూర్చుంది. "నేనూ వచ్చాను."

ముసలాయన ఆ రెండు మాటలనూ విడివిడిగా తూచినట్టు తల ఊపాడు. చెయ్యి చాచి ఆమె తలగుడ్డ మీద పెట్టాడు. చొరోల్ ఏడవలేదు. వంగి ఆయన మోకాలి మీద నుదురు ఆనించి అలాగే ఉండిపోయింది.

కున్‌జెస్ పాలచెంబుతో లోపలికి వచ్చేసరికి చొరోల్ లేచి గుడిసెలో నాలుగు మూలలా కళ్ళు తిప్పుతోంది.

"ఏం వెతుకుతున్నావు?" కున్‌జెస్ గొంతు తను అనుకున్నదానికంటే కరుకుగా వచ్చింది.

"అమ్మ టీ చిలికే గొట్టం. ఉందా, పారేశావా?"

"తలుపు వెనక."

చొరోల్ గొట్టాన్ని తెచ్చి ఒడిలో పెట్టుకుని, ఇత్తడి పట్టీల మీద వేలు పోనిచ్చింది. కున్‌జెస్ మరిగే టీ అందులో వంచి, వెన్న వేసి, ఉప్పు వేసింది. చొరోల్ చిలకడం మొదలుపెట్టింది.

"ఉప్పు ఎక్కువైంది" అంది కాసేపటికి, చుక్క నాలికకు రాసుకుని.

"మా ఇంట్లో ఇంతే."

"నాకు తెలీదా?" అంది చొరోల్.

బయటి నుంచి స్తోబ్దన్ గిన్నె నేలకేసి తట్టాడు, టీ ఎంతసేపని.